కొత్త మైకు కొనే ముందు: పరకాల తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న మొన్న రాత్రి చదివాను. ఇలాంటి ఇబ్బందే చాలామందికి ఉంటుంది కాబట్టి నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. పరకాలలో ఉంటున్నావు, బీటెక్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నావు. మీ అమ్మ బతుకమ్మ పాటలు బాగా పాడుతుంది, నీ దోస్తు డప్పు కొడతాడు. ఈసారి ఎంగిలిపూల బతుకమ్మ నాటికి నాలుగు పాటలు ఇంట్లోనే రికార్డు చేయాలని యూఎస్‌బీ కండెన్సర్ మైకు (నేరుగా కంప్యూటరుకి పెట్టేది, సన్నటి చప్పుడు కూడా పట్టే రకం) ఒకటి కొన్నావు. తీరా వింటే అమ్మ గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంది. చేతిలో పదిహేను వేలు ఉన్నాయి, ఏ మైకు కొనమంటారు అని అడిగావు. చివర్లో ఇంకో మాట కూడా రాశావు: "నాకు ఏమీ తెల్వదన్నా, మీ హోం రికార్డింగ్ గ్రూపులోకి రావచ్చా, నవ్వుతారేమో అని టెన్షన్‌గా ఉంది" అని.

ఆ చివరి మాటకే ముందు జవాబు చెప్తాను. రా. మేం ఆదివారాలు హన్మకొండ నయీంనగర్‌లో ఒక మిత్రుడి మేడ మీద కలుస్తాం. వచ్చేవాళ్లలో బ్యాంకులో పనిచేసే ఆయన ఉన్నాడు, సర్కారు బడి టీచరమ్మ ఉంది, ములుగు వైపు నుంచి బస్సెక్కి వచ్చే డోలు కొట్టే పిల్లాడు ఉన్నాడు. సౌండ్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఒక్కరు కూడా లేరు. అందరం పాడు చేసుకుంటూ నేర్చుకున్నవాళ్లమే. కొత్తగా వచ్చినవాళ్ల రికార్డింగు విని నవ్వితే ఆ మనిషి మళ్లీ రాడు, ఆ ఇంట్లో పాట కూడా రికార్డు కాకుండానే పోతుంది. అది మా అందరికీ తెలుసు.

ఇక మైకు సంగతి. ఇప్పుడే ఏదీ కొనకు.

నువ్వు పంపిన ముక్కని హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడుసార్లు విన్నాను. అమ్మ గొంతు బాగుంది, ఊపిరి బాగుంది. మైకు కూడా చేయాల్సిన పని చేస్తోంది. నాకు గొంతు కంటే ఎక్కువ వినిపించింది మీ గది. అమ్మ "ఉయ్యాలో" అని ఆపిన ప్రతిసారీ ఆ "లో" గాలిలో ఇంకాసేపు సాగుతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది, దాని రెక్కల లయకి అమ్మ గొంతు సన్నగా వణుకుతోంది. నలభయ్యో సెకను దగ్గర పక్కింట్లో కుక్కర్ విజిల్ వేసింది. యాభై వేల మైకు తెచ్చి అక్కడే పెడితే ఇవన్నీ ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి, అంతే.

ఒక పని చెయ్యి. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, గది నడుమ నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టు. చప్పుడు వెనకాలే "టర్ర్"మని సన్నటి తోక ఒకటి వినిపిస్తుంది. ఎదురెదురు గోడలు ఆ చప్పుడుని బంతిలాగా ఒకదానికొకటి విసురుకుంటున్నాయన్నమాట. ధ్వని సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది, పది అడుగుల గది దాటడానికి తొమ్మిది మిల్లీసెకన్లు కూడా పట్టదు. సున్నం గోడ, గ్రానైట్ బండలు, స్లాబు ఇవేవీ శబ్దాన్ని మింగవు, తిప్పి పంపుతాయి. అదే చప్పట్లు పరుపులు, బట్టల బీరువా ఉన్న గదిలోకి పోయి కొట్టు. తోక చిన్నదవుతుంది. ఇంట్లో అన్ని గదుల్లో, దేవుడి గదిలో, మెట్ల కింద కూడా కొట్టి చూడు. ఎక్కడ చప్పుడు పొడిగా, చచ్చినట్టు ఆగిపోతుందో అదే మీ స్టూడియో.

మన దగ్గర గదులకి ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా ఇళ్లలో పొడవు పదడుగులు, వెడల్పు పదడుగులు, ఎత్తు కూడా పదికి దగ్గరగా పెడతారు. పదడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ (సెకనుకి 56 కంపనాలు) దగ్గర, ఆ తర్వాత 112, 168 దగ్గర గది తనంతట తానే మోగుతుంది. మూడు కొలతలూ ఒకటే అయితే మూడు జతలూ అవే స్వరాల దగ్గర కలిసి మోగుతాయి. మగగొంతు కింది స్వరాలు, డప్పు గుమ్మనే ధ్వని సరిగ్గా అక్కడే ఉంటాయి. అందుకే అలాంటి గదిలో డప్పు కొడితే తల దిమ్మెక్కుతుంది. ఇంట్లో ఎంచుకునే వీలుంటే మూడు కొలతలు మూడు రకాలుగా ఉన్న గదిని ఎంచుకో. కూర్చునేటప్పుడు గదికి నట్టనడుమ వద్దు, మూలల్లో కూడా వద్దు, కాస్త పక్కకి జరుగు.

గోడలకి ఏం పెట్టాలన్నది అందరూ అడుగుతారు. ఆన్‌లైన్‌లో దొరికే అంగుళం మందం నల్ల ఫోమ్ ముక్కలు కొనకు. అవి పైస్థాయి శబ్దాలనే మింగుతాయి, కింది శబ్దాల మోత అలాగే ఉండిపోతుంది. గుడ్ల అట్టలు కూడా అంతే, చూడటానికి స్టూడియోలా ఉంటాయి గానీ పని చెయ్యవు. శబ్దాన్ని మింగాలంటే మందం కావాలి, మెత్తదనం కావాలి. అది మన ఇళ్లలో ఉన్నదే: దూది. దూది పరుపుని గోడకి ఆనించకుండా బెత్తెడు జాగా వదిలి నిలబెట్టు, ఆ ఖాళీ వల్ల ఇంకాస్త కింది శబ్దాలని కూడా పడుతుంది. కింద బండల మీద కొత్తవాడ జంపఖానా పరువు. ఈ వరంగల్ దరీలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలుసు కదా, మనకి అది రికార్డింగుకి కూడా పనికొస్తుంది. ఒకటి పలచగా అనిపిస్తే మడిచి రెండు పొరలు చెయ్యి.

అయితే పరుపు ఎక్కడ పెట్టాలన్నదే అసలు కిటుకు. కొత్తవాళ్లంతా మైకు వెనకాల పెడతారు. నీ మైకు ముందువైపు వినే రకం, దాన్నే కార్డియాయిడ్ అంటాం. అది పాడే మనిషి వైపు చూస్తుంది, కాబట్టి పాడే మనిషి వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం నేరుగా దాని నోట్లో పడుతుంది. అందుకే ముందు అమ్మ వీపు వెనకాల పరుపు, బొంతలు. తర్వాత రెండు పక్కలా. మైకు వెనక అన్నిటికంటే చివర. బట్టలతో నిండిన బీరువా ఉంటే దాని తలుపులు రెండూ తెరిచి, అమ్మని దానికి వీపు పెట్టి నిలబడమను. పైసా ఖర్చు లేదు.

నా చెవికి గది అంటే ఏమిటో తెలిసిన రోజు ఒకటుంది. పన్నెండేళ్ల కింద ఆత్మకూరు దగ్గర మా మేనత్త వాళ్ల ఊరికి పోయాను. పత్తి ఏరిన రోజులు, ఇంకా ఎనుమాముల మార్కెట్‌కి తోలలేదు. ఇంట్లో ఒక గది నిండా, తలుపు సందు వదిలి, నడుం ఎత్తు దాకా పత్తి పోసి ఉంది. ఆ ఇంట్లో ఎనభై ఏళ్ల ముసలవ్వ నాట్ల పాటలు పాడుతుంది. వాకిట్లో కోళ్లు, ట్రాక్టర్లు. ఎక్కడా కుదరక ఆ పత్తి గదిలోకి తీసుకుపోయి గుమ్మం దగ్గర పీట వేసి కూర్చోబెట్టాను. నా చేతిలో ఉన్నది మామూలు ఫోను. అవ్వ పాడటం మొదలుపెట్టగానే నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. గోడలే లేనట్టు ఉంది. గొంతులో గరుకు, ముక్కుతో పీల్చే గాలి, మాటకీ మాటకీ మధ్య నాలుక పైకి తగిలే చప్పుడు అన్నీ వినిపించాయి. ఆ తర్వాత నేను మంచి మైకులతో చాలా రికార్డింగులు చేశాను, ఆ ఫోను రికార్డింగంత దగ్గరగా వినిపించినవి కొన్నే. మీది కూడా పత్తి పండే ప్రాంతమే కాబట్టి చెప్తున్నాను. ఒక్కటే జాగ్రత్త, ఆ గదిలోకి అగ్గిపుల్ల, అగరొత్తి, బీడీ ఏవీ పోకూడదు.

గది తర్వాత దూరం. ఆకాశవాణిలో ఏళ్ల తరబడి పాడిన ఒక పెద్దాయన నాకు కొలత చేత్తో చూపించాడు: మామూలు గొంతుకి జానెడు, గట్టి గొంతుకి జానెడున్నర, గుసగుసలాంటి పాటకి బెత్తెడు. ఎందుకంటే దూరం రెండింతలు చేస్తే మైకుకి నేరుగా చేరే గొంతు 6 డీబీ (డెసిబెల్, శబ్దం గట్టిదనం కొలత) తగ్గుతుంది, గది శబ్దం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. నీ ముక్కలో అమ్మ మూడడుగుల దూరంలో కూర్చున్నట్టుంది. జానెడుకి తీసుకొస్తే సగం బావి అక్కడే మాయమవుతుంది. మరీ దగ్గరైతే గొంతులో బరువు పెరుగుతుంది, "ప", "బ", "ఫ" అన్నప్పుడు గాలి తగిలి "ధబ్" అంటుంది. "బతుకమ్మ" అన్న మాటే "బ"తో మొదలవుతుంది కాబట్టి నీకు ఇది రోజూ ఎదురయ్యేదే. మైకుని నోటికి సూటిగా పెట్టకుండా పెదవి చివరకి కాస్త పక్కగా, ముక్కు ఎత్తులో పెట్టి నోటి వైపు వంచు. ఎంబ్రాయిడరీ ఫ్రేముకి పాత నైలాన్ సాక్సు బిగించి మధ్యలో పెడితే పాప్ ఫిల్టర్ అయిపోయింది.

దగ్గర, దూరం అనేవి కళాకారుడి చేతిలో ఏం చేస్తాయో వినాలంటే మన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారి పాత కార్యక్రమాల రికార్డింగులు విను. మిమిక్రీకి మైకు ఎంత ముఖ్యమో, ఏ శబ్దానికి నోరు ఎక్కడుండాలో ఆయనకి తెలిసినంతగా తెలిసినవాళ్లు అరుదు. హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరున్న ప్రాంగణం ముందు నుంచి పోయిన ప్రతిసారీ నాకు ఇదే గుర్తొస్తుంది.

ఫ్యాను తప్పకుండా ఆపాలి. ఎండాకాలంలో ఇది శిక్షే. అందుకే తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు మధ్య పెట్టుకో. అప్పుడు ఊరు చాలావరకు నిశ్శబ్దంగా ఉంటుంది. పొద్దున్నే గొంతు కాస్త బిగుసుకుని ఉంటుంది కాబట్టి అమ్మకి గోరువెచ్చని నీళ్లు ఇచ్చి పావుగంట మెల్లగా పాడనివ్వు. కాజీపేటలో ఉండే మా మిత్రుడు రైళ్ల టైం రాసి గోడకి అంటించుకుని ఆ సందుల్లో రికార్డు చేస్తాడు.

రికార్డింగ్ లెవెల్ గురించి ఒక్కటి గుర్తుపెట్టుకో. పాటలో అన్నిటికంటే ఎత్తుగా పాడే చరణం ముందు పాడించు. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే శబ్దం మీటరుకి సున్నా పైహద్దు. అది మామూలుగా మైనస్ 18 డీబీ చుట్టూ ఆడుతూ, ఎత్తు దగ్గర మైనస్ 10 దాటకుండా చూసుకో. మెత్తగా ఉందని భయపడకు, తర్వాత పెంచుకోవచ్చు. సున్నా తాకి చీలిపోయిన గొంతుని మాత్రం బాగు చేయలేవు. అమ్మ ఉత్సాహం మీదికొస్తే రిహార్సల్ కంటే గట్టిగా పాడుతుంది, అందరు అమ్మలూ అంతే. ఆ జాగా ముందే ఉంచు.

"గుయ్" మని సన్నటి మోత వస్తే లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద ఒకసారి రికార్డు చేసి చూడు. మోత పోయిందంటే అది కరెంటు తాలూకు 50 హెర్ట్జ్, దాని రెట్టింపులు. ఇంటికి ఎర్తింగ్ సరిగా లేకపోయి ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గుంత చూపించు. కొంతమంది ప్లగ్గులో మూడో పిన్ను విరిచేయమని సలహా ఇస్తారు, ఆ పని ఎప్పుడూ చేయకు. ప్రాణాల మీదికి వస్తుంది.

బ్లూటూత్ బడ్స్‌తో వింటూ పాడించొద్దు. శబ్దం చెవికి చేరేసరికి బాగా ఆలస్యమై తాళం తప్పుతుంది. వైరున్న, చెవిని మూసేసే హెడ్‌ఫోన్ వాడు. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే. ఆడాసిటీ ఉచితం, రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూసుకోవచ్చు. ఏదో ఒకటి పట్టుకుని ఆరు నెలలు మార్చకు.

ఇప్పుడు డప్పు. దీనికి ఇంట్లో గది వద్దే వద్దు. వాకిట్లోకి, వీలైతే ఊరవతల చెట్టు కిందికి పోండి. బయట గోడలుండవు కాబట్టి ప్రతిధ్వని ఉండదు. నీ దోస్తుకి నేను చెప్పక్కర్లేదు, డప్పు కాపితేనే పలుకుతుంది. మంట వేడికి తోలు బిగిసి శ్రుతి పెరుగుతుంది, చల్లారే కొద్దీ దిగుతుంది. గాలిలో తేమ ఉంటే ఇంకా తొందరగా దిగుతుంది. రికార్డింగులో దీనివల్ల చిక్కేంటంటే, మొదటి టేకు, ఐదో టేకు కలిపి అతికిస్తే శ్రుతి తేడా పట్టుబడుతుంది. అందుకని ఒక్కో పాటకి వేడి మీద రెండే టేకులు, మళ్లీ కాపాలి, మళ్లీ రెండు. మంటని మైకుకి దూరంగా పెట్టండి, చిటపటలు కూడా రికార్డవుతాయి. మైకు డప్పుకి మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండాలి. సిర్ర దెబ్బ, సిటికెన పుల్ల చిటికెలు రెండూ సమంగా వినిపించే చోటు కోసం ఒక చెవి మూసుకుని దోస్తు చుట్టూ తిరుగు. చెవికి ఎక్కడ బాగుందో అక్కడ మైకు పెట్టు. లెవెల్ గొంతుకి పెట్టినదాని కంటే బాగా తగ్గించు, డప్పు మొదటి దెబ్బ మీటరు చూపించేలోపే తగిలిపోతుంది.

కోరస్ విషయం అడగలేదు గానీ, బతుకమ్మ పాట ఒక్క గొంతుతో అసంపూర్తిగా ఉంటుంది. వాడకట్టు ఆడవాళ్లని నలుగురైదుగురిని పిలువు. ఒక్కొక్కరిని విడిగా రికార్డు చేసి కలపాలని చూడకు, ఆ కలివిడి రాదు. మైకు చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబెట్టు, గట్టి గొంతున్న అక్క ఒక అడుగు వెనక్కి, మెత్తగా పాడే పెద్దమ్మ ఒక అడుగు ముందుకి. మిక్సింగు అక్కడే సగం అయిపోతుంది. చప్పట్లు మాత్రం ఇంకో టేకులో, నాలుగైదు అడుగుల దూరం నుంచి తీసుకో. తాళం లెక్క కోసం మోగే మెట్రోనోమ్ క్లిక్కు వాళ్ల చెవుల్లో పెట్టొద్దు. వాళ్లు నడిచే అడుగు, వంగి లేచే తీరులోనే తాళం ఉంటుంది. వీలైతే నడుమ పూల బతుకమ్మ పెట్టి, ఉన్నచోటే అడుగు వేస్తూ పాడమను. కుర్చీల్లో కూర్చోబెడితే అదే పాట చప్పబడిపోతుంది, నేను చాలాసార్లు చూశాను.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్తాను. అమ్మ గొంతు మీద ఆటోట్యూన్ వేయొద్దు. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా హార్మోనియం మెట్లలాగా పన్నెండు స్వరాల లెక్కన గొంతుని లాగి కూర్చోబెడుతుంది. మన పాటల్లో స్వరం నుంచి స్వరానికి జారుతూ పోయే చోట్లు ఉంటాయి, మెట్టుకీ మెట్టుకీ నడుమ నిలబడే స్వరాలు ఉంటాయి. ఆ జారుడులోనే ఊరు తెలుస్తుంది, మనిషి తెలుస్తుంది. ఈమధ్య యూట్యూబ్‌లో వచ్చే జానపద పాటల్లో పదిమంది గాయనులు ఒకే గొంతులా వినిపిస్తున్నారంటే కారణం ఇదే. మంచి టేకు రాకపోతే ఇంకోసారి పాడించు.

నేను పోగొట్టుకున్నవి రెండు చెప్తాను, నువ్వు పోగొట్టుకోవద్దు. మొదటిది చిన్నది. ఒక పాటకి గొంతు 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (అంటే సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాసుకునే లెక్కన) రికార్డు చేసి, డోలు వాయించిన అతనికి పంపాను. అతని ప్రాజెక్టు 48లో ఉంది, మార్చకుండానే తెరిచాడు. పాట తొమ్మిది శాతం దాకా వేగం పెరిగింది, శ్రుతి దాదాపు ఒకటిన్నర మెట్టు పైకి పోయింది, అంటే హార్మోనియం మీద ఏ మెట్టుకీ కలవదు. అతను రాత్రంతా డోలు బిగించుకుంటూ కూర్చున్నాడు, తప్పు తనదే అనుకుని. అప్పటినుంచి ఫైలు పేరులోనే శాంపిల్ రేటు, లయ వేగం రాస్తున్నాం. వీడియోకి పోయే పాటలు కాబట్టి మీరు మొదటి నుంచీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ (ఒక్కో కొలతని ఎంత సూక్ష్మంగా రాయాలన్న లెక్క) పెట్టుకోండి. మీ యూఎస్‌బీ మైకు 16 బిట్ వరకే ఇస్తే దానితోనే కానివ్వు, ఫర్వాలేదు.

రెండోది ఇప్పటికీ మానని గాయం. జనగామ వైపు ఒక పెద్దాయన ఒగ్గు కథ చెప్తాడు. మల్లన్న కథ మూడు రాత్రులు చెప్పించి రికార్డు చేశాను. ఐదు గంటల పైనే ఉంటుంది. ఒక్క హార్డ్ డిస్కులో పెట్టాను. నిదానంగా శుభ్రం చేద్దామనుకున్నా. డిస్కు ఒకరోజు "టిక్ టిక్" మని ఆగిపోయింది. అందులోది రాబట్టడం ఎవరివల్లా కాలేదు. మళ్లీ చెప్పిద్దామని పోయేసరికి ఆయన లేడు. కొడుకులకి కథ కొంత వచ్చు, ఆయన చెప్పిన తీరు రాదు. వాళ్లింట్లో ఆయన భార్య "మీ దగ్గర ఉంది కదా బిడ్డా, ఒకసారి వినిపించు" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాను. కాబట్టి రికార్డింగు అయిన రోజే, చేతులు కడుక్కోకముందే, మూడు కాపీలు చెయ్యి. ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి ఇంటి బయట, ఆన్‌లైన్‌లోనో చుట్టాలింట్లోనో. రాత్రికి వాయిదా వేయకు.

ఇవన్నీ అయ్యాక, రెండు నెలలు అదే మైకుతో పనిచేశాక, ఇంకా కొనాలనిపిస్తే అప్పుడు కొను. ఆ పదిహేను వేలలో చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు (మైకుని కంప్యూటరుకి కలిపే డబ్బా), ఒక డైనమిక్ మైకు, వైరు హెడ్‌ఫోన్ మూడూ వస్తాయి. డైనమిక్ మైకు దూరపు శబ్దాలని కండెన్సర్ అంత చురుగ్గా పట్టదు, అందుకే మన ఇళ్లకి అది నప్పుతుంది. డప్పుకి కూడా తట్టుకుంటుంది. కండెన్సర్ కొంటే ఇంటర్‌ఫేసులో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోనే మైకుకి అందే కరెంటు) ఉందో లేదో చూసుకో. కొనే ముందు మాలో ఎవరి దగ్గరైనా ఒక వారం అరువు తీసుకుని అమ్మ గొంతు మీద ప్రయత్నించు. గ్రూపులో ఉండే లాభాల్లో ఇది పెద్దది.

గ్రూపులో మా పద్ధతులు కూడా తెలుసుకో. వినిపించడానికి తెచ్చేది ఎఫెక్టులు ఏవీ వేయని, మైకులోంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్న వేవ్ ఫైలు (కుదించని ఆడియో) అయి ఉండాలి. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపు. మైకు ఏది, ఎంత దూరం, గది కొలతలు, ఏ టైంలో రికార్డు చేశావు అన్నది ఒక చీటీ మీద రాసుకో. "ఎలా ఉంది?" అని అడిగితే అందరూ "బాగుంది" అంటారు. "ఒక నిమిషం పన్నెండు సెకన్ల దగ్గర గొంతు ముక్కులోంచి వస్తున్నట్టు ఉంది, ఎందుకు?" అని అడిగితే నలుగురు కుర్చీలు ముందుకి జరుపుకుంటారు. నీది వినిపించే ముందు ఇంకో ఇద్దరివి పూర్తిగా విను, తోచింది చెప్పు. తెలియదు కదా అని ఊరుకోవద్దు. అలవాటు లేని చెవికి తట్టే విషయాలు మాకు తట్టవు. పాడిన మనిషి గొంతుని ఎవరూ వెక్కిరించకూడదు, రికార్డింగు గురించే మాట్లాడాలి. ఇది దాటితే మా టీచరమ్మ ఊరుకోదు.

పేర్ల విషయంలో కూడా మేం పట్టుదలగా ఉంటాం. తరతరాలుగా పాడుకుంటున్న పాటకి కాపీరైటు ఉండదు, కానీ ఎవరు పాడారు, ఏ ఊరి వరస అన్నది రాయి. ఎవరైనా కవి రాసిన పాట అయితే 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, అడగకుండా పెట్టకూడదు. పాడినవాళ్లకి, వాయించినవాళ్లకి కూడా చట్టంలో వేరే హక్కు ఉంది. యూట్యూబ్‌లో రేపు రూపాయి వస్తే దోస్తుకి ఎంత, కోరస్ పాడిన అక్కలకి ఎంత అన్నది పాట పెట్టకముందే మాట్లాడుకోండి. డబ్బు వచ్చాక మాట్లాడటం కష్టం. ఎన్ని స్నేహాలు అక్కడ తెగిపోయాయో నాకు తెలుసు.

మిక్సింగు సంగతి వచ్చాక చూద్దాం. ఇప్పటికి గొంతులో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసెయ్యి, అక్కడ ఫ్యాను, లారీ, అడుగుల చప్పుడు తప్ప పాట లేదు. ఎక్కించే ముందు ఫోను స్పీకర్ మీద, ఎవరిదైనా ఆటోలో ఒకసారి విను. గట్టిగా వినిపించాలని నొక్కి పెంచొద్దు, యూట్యూబ్ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట మొత్తం మీద వినిపించే గట్టిదనం కొలత) దాటినవాటిని తానే తగ్గించేస్తుంది.

కాబట్టి ఈ వారం ఇలా చెయ్యి. రేపు తెల్లారి అమ్మని బీరువాకి వీపు పెట్టి నిలబెట్టు, కింద జంపఖానా, మైకు జానెడు దూరంలో, ఫ్యాను బంద్. ఆమెకి అన్నిటికంటే ఇష్టమైన పాట ఒక్కటి పాడించు, రెండు నిమిషాలు చాలు. పాత ముక్క, కొత్త ముక్క రెండూ పెన్‌డ్రైవులో వేసుకుని ఆదివారం పదింటికి రా. పరకాల బస్సు దిగి ఫోన్ చెయ్యి, బస్టాండు దగ్గరికి నేనే బండి మీద వస్తాను. అమ్మ వస్తానంటే ఆమెని కూడా తీసుకురా, నయీంనగర్ మేడ మీద మా టీచరమ్మ ఆ వరస నేర్చుకోవాలని ఇప్పటికే అడుగుతోంది.